వాతావరణ మార్పుపై ఒక మైనింగ్ సర్దార్‌తో రెండేళ్ల వాదన: వ్యవసాయ విస్తరణ పనిలో ఒక కేస్ స్టడీ

నేను హనుమకొండలో ఉంటూ ఇరవై ఏళ్లకు పైగా రైతు బృందాలతో పనిచేస్తున్నాను. పంట సలహాలు ఇవ్వడం, వానను బట్టి విత్తే సమయాన్ని నిర్ణయించుకోవడంలో సాయపడడం, వరద వచ్చి పోయాక పొలాలను మళ్లీ సాగులోకి తెచ్చుకునేదాకా తోడుండడం నా పని. ఈ కేసులోని వ్యక్తి నాకు పన్నెండేళ్లుగా తెలుసు. స్నేహితుడు అనేంత దగ్గరితనం మా మధ్య లేదు కానీ, ఎదురుపడితే బండి ఆపి మాట్లాడుకునేంత పరిచయం ఉంది. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊరి పేరు, ఆయన పనిచేసిన బాయి (బొగ్గు గని) పేరు, పార్టీ పేరు, యూనియన్ పేరు రాయకూడదని ఆయన షరతు పెట్టారు. అవి లేకపోయినా చెప్పవలసింది చెప్పవచ్చని నాకూ అనిపించింది. గుర్తుపట్టడానికి వీలున్న మరికొన్ని వివరాలను నేనే మార్చాను.

నేపథ్యం

ఆయన సింగరేణిలో బదిలీ ఫిల్లర్‌గా (ఒకరి బదులు వచ్చి బొగ్గు నింపే కార్మికుడిగా) చేరి, పరీక్షలు రాసి మైనింగ్ సర్దార్ (షిఫ్టులో కార్మికుల భద్రతను చూసే ఉద్యోగి) అయి, ఆ హోదాలోనే రిటైరయ్యారు. భూపాలపల్లి, ములుగు జిల్లాల సరిహద్దులో ఒక వాగు ఒడ్డున నాలుగెకరాలు కొనుక్కుని పత్తి, మిరప, కొంత వరి సాగు చేస్తున్నారు. ఆ వాగు పొడవునా ఉన్న నలభైకి పైగా కుటుంబాల రైతు బృందంలో ఆయనకు పదవి ఏమీ లేదు. అయినా ఆయన తల ఊపనిదే అక్కడ ఏ నిర్ణయమూ జరగదు.

ఆయన రాజకీయ విధేయతను నేను చాలాకాలం తప్పుగా అర్థం చేసుకున్నాను. అది జెండా మీద మోజు అనుకున్నాను. బాయిలో రూఫు కూలి కాలు విరిగినప్పుడు ఆస్పత్రిలో రాత్రిళ్లు కాపలా ఉన్నదీ, తిరిగి డ్యూటీకి వచ్చాక కొంతకాలం సర్ఫేస్ (నేల పైన) పని ఇప్పించడానికి ఆఫీసుల చుట్టూ తిరిగిందీ యూనియన్ వాళ్లేనని, ఆ మనుషులే తర్వాత ఆయన పార్టీలో నాయకులయ్యారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ విధేయత ఆయనకు తీర్చుకోవలసిన ఒక బాకీ. ఈ సంగతి ముందే తెలుసుకుని ఉంటే, కింద రాయబోయే మొదటి రెండు పొరపాట్లు నేను చేసేవాణ్ణి కాదు.

సమస్య

2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంతకుముందు తెలంగాణలో రికార్డు 2013 జులైలో అదే ప్రాంతంలోని వాజేడులో నమోదైన 517.5 మిల్లీమీటర్లు. భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిపోతే, జనాన్ని కాపాడడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. మేము పనిచేసే వాగు అంత దారుణం చేయలేదు కానీ, ఒడ్డున ఉన్న మోటార్లలో సగానికి పైగా కొట్టుకుపోయాయి, కొన్ని పొలాల్లో మోకాలి ఎత్తున ఇసుక మేటలు వేసింది.

ఆ అక్టోబరులో రైతు వేదికలో సమావేశం పెట్టాం. మోటార్లను ఒడ్డు నుంచి వెనక్కి జరపడం, వరిలో కూనారం సన్నాల వంటి తక్కువ కాలపు రకానికి మారడం, పత్తి విత్తడానికి తేదీని బట్టి కాకుండా కురిసిన వానను బట్టి నియమం పెట్టుకోవడం అనే మూడు విషయాలు తేల్చుకోవాలి. నేను మొదలుపెడుతూనే, వాతావరణ మార్పు వల్ల ఇలాంటి వానలు ఇంకా పెరుగుతాయి కాబట్టి ఈ మార్పులు తప్పవని అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు.

"తమ్మీ, ఈ మాట నిన్ను ఎవరు చెప్పమన్నరు? చెక్‌డ్యాం కట్టినోడు సక్కగ కట్టలే. వాగుల పూడిక తియ్యలే. ఇప్పుడు నువ్వొచ్చి తప్పంత ఆకాశం మీదికి నూకుతున్నవ్. రేపు గిదే ముచ్చట చెప్పి బొగ్గు బాయిలు బందువెడ్తరు."

వేరే పార్టీకి చెందిన యువకుడు బృందం కార్యదర్శిగా ఉన్నాడు. "సైన్సు తెల్వనోళ్లతోని గింతే సార్" అని అతను పక్కనుంచి అన్న మాట అందరికీ వినబడింది. నవంబరు 30న శాసనసభ ఎన్నికల పోలింగ్. అదే అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగడంతో మా ప్రాంతంలో నీళ్ల గురించి ఏ మాట మాట్లాడినా అది ఏదో ఒక పార్టీ మాటగానే చలామణీ అవుతోంది. అరగంటలో మోటార్ల సంగతి పక్కకుపోయి, ఎవరు ఎవరి మనిషి అన్నదే మిగిలింది. ఏ నిర్ణయమూ లేకుండా లేచిపోయాం.

చేసిన ప్రయత్నాలు, విఫలమైన తీరు

ఆయనకు సమాచారం లేదన్నది నా మొదటి అంచనా. కాబట్టి సమాచారం ఇస్తే సరిపోతుందనుకుని, తర్వాతి సమావేశానికి గ్రాఫులు పట్టుకెళ్లాను. హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు దాదాపు 315 పాళ్లుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటిందని చెప్పాను. పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగంతో పోలిస్తే 2011 నుంచి 2020 వరకు భూమి సగటున 1.1 డిగ్రీలు వేడెక్కి ఉందని, ఈ వేడికి మనుషులే కారణమన్న విషయంలో ఇక సందేహం లేదని 2021లో ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర బృందం ఐపీసీసీ తేల్చిందని చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. "అంటే పదివేలల్ల నాలుగు పాళ్లు. గంతదానికి గింత లొల్లా?" అన్నారు. గదిలో నవ్వులు లేచాయి. ఆ ప్రశ్నకు జవాబు ఉంది. కానీ ఆ నవ్వుల మధ్య ఏ జవాబు చెప్పినా ఆయన ఓడిపోయినట్టు అవుతుందని నాకు అప్పుడు తట్టలేదు. చెప్పాను. ఆయన మౌనంగా కూర్చుండిపోయారు.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. ఎన్నికల వేడిలో ఆయన బృందం వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పంపారు. భూమి వేడెక్కడమంతా విదేశీ కంపెనీలు అల్లిన కథ అని, మన బొగ్గును ఆపించి సోలార్ పలకలు అమ్ముకోవడమే వాళ్ల ఉద్దేశమని దాని సారాంశం. నేను అందులోని ఒక్కొక్క వాక్యానికీ కింద సమాధానం రాసి అదే గ్రూపులో పెట్టాను. నేను రాసిన ప్రతి మాటా సరైనదే. కానీ డెబ్బై మంది ముందు, ఆయన కన్నా ఇరవై ఏళ్లు చిన్నవాణ్ణి, ఒక పెద్దమనిషిని తప్పుపట్టాను. కార్యదర్శి దాని కింద చప్పట్ల బొమ్మలు పెట్టాడు. ఆ రాత్రి ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయారు. వారం తిరిగేలోగా మరో పదకొండు కుటుంబాలు బృందానికి రావడం మానేశాయి. వాళ్లలో కొందరికి ఆయన పార్టీతో ఏ సంబంధమూ లేదు. ఆయనకు జరిగిన అవమానం చూసే వాళ్లు దూరమయ్యారు.

దాంతో భయపడి పూర్తిగా ఎదురు వైపుకు పోయాను. 2024 వానకాలంలో వాతావరణ మార్పు అన్న మాటే ఎత్తకుండా పద్ధతులు మాత్రమే చెప్పాను. పని జరిగితే చాలు, కారణం మీద ఒప్పందం అక్కర్లేదన్నది నా లెక్క. ఇందులో కొంత నిజం ఉంది. కొందరు మోటార్లు జరుపుకున్నారు. కానీ పత్తి విషయంలో ఈ లెక్క చెల్లలేదు. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి భూమి బాగా తడిసేదాకా పత్తి గింజ పెట్టవద్దన్నది వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏళ్లుగా చెబుతున్న సలహా. మిరుగం (మృగశిర కార్తె) చొరగానే విత్తాలన్నది తాతల నాటి అలవాటు. రెండు జల్లులు పడ్డాయి, మట్టి వాసన వచ్చింది, చాలామంది విత్తేశారు. తర్వాత వాన ముఖం చాటేసింది. సగం గింజలు మొలవక మళ్లీ ప్యాకెట్లు కొన్నారు. ఎందుకు ఆగలేదని అడిగితే ఒక రైతు అన్న మాట నా డైరీలో ఉంది: "ఎందుకు ఆగాల్నో నువ్వు చెప్పలే గద సార్." వాన పడే తీరు మారుతోందని, పొడి విరామాలు, కుండపోతలు రెండూ ఎక్కువవుతున్నాయని తెలిస్తే ఆ నియమానికి అర్థం ఉంటుంది. అది తెలియనివాళ్లకు అది ఎవరో ఆఫీసరు పెట్టిన ఆంక్ష మాత్రమే.

పని చేసినది

2025 జనవరిలో మిరప ఏరే రోజుల్లో ఒక్కణ్ణే ఆయన ఇంటికి వెళ్లాను. గ్రూపులో అలా రాయడం నా తప్పని ముందే చెప్పాను. రాసినది తప్పని చెప్పలేదు. ఈ రెండింటినీ విడదీసి చెప్పడానికి దారి పొడవునా మాటలు వెతుక్కున్నాను. ఎందుకంటే, నచ్చజెప్పడానికి సైన్సును పలుచన చేస్తే ఆయన దాన్ని ఇట్టే పసిగడతారు. ఆయన కుర్చీ వేశారు, చాయ్ తెప్పించారు.

గోడ అలమరలో రిటైర్మెంట్ నాడు తోటివాళ్లు ఇచ్చిన ఇత్తడి సేఫ్టీ ల్యాంపు కనిపిస్తే దాని గురించి అడిగాను. ముందుగా వేసుకున్న ఎత్తుగడ కాదది, నిజంగానే తెలుసుకోవాలనిపించింది. ఆయన దాన్ని కిందికి దింపి, అంగీ కొసతో అద్దం తుడిచి, వత్తిని సన్నగా తగ్గించడం ఎలాగో చూపించారు. మీథేన్ తేలిక కాబట్టి రూఫు కింద చేరుతుంది, అందుకని ల్యాంపును నెమ్మదిగా పైకి లేపాలి. గ్యాస్ ఉంటే మంట మీద పలుచని నీలి టోపీ లేస్తుంది. టోపీ ఎత్తును బట్టి ఎంత శాతమో తెలుస్తుంది. ఒకసారి 1.25 శాతం కనిపించి ఆయన కరెంటు ఆపించి మనుషులను బయటికి తీస్తే, బొగ్గు ఉత్పత్తి ఆగిందని పైవాళ్లు గొడవపడ్డారట. ఆయన సొంత యూనియన్ మనిషే, జర చూసీచూడనట్టు పొమ్మన్నాడట.

"దీపానికి యూనియన్ ఉండది తమ్మీ. టోపీ కనవడ్డదంటే మనుషులను బయటికి దియ్యాలె. గంతే."

కార్బన్ మోనాక్సైడ్ ఎంతదాకా ఫర్వాలేదని అడిగాను. యాభై పీపీఎం (పది లక్షల పాళ్లకు యాభై) దాటితే మనిషిని అక్కడ ఉండనివ్వమన్నారు. అంటే పదివేల పాళ్లకు అర పాలు. రైతు వేదికలో తాను వేసిన ప్రశ్న ఆయనకు వెంటనే గుర్తొచ్చిందని ముఖం చూస్తే తెలిసింది. నేను ఆ లెక్క పైకి చెప్పలేదు. కాసేపాగి ఆయనే అన్నారు: "అది విషం. ఇది వేడి. రెండు ఒక్కటెట్లయితయ్?"

అది చాలా మంచి ప్రశ్న. ఒక వాయువు కొద్దిపాటిగా ఉన్నా మనిషిని చంపగలదన్న నిజం, మరో వాయువు కొద్దిపాటిగా ఉన్నా భూమిని వేడెక్కించగలదని రుజువు చేయదు. తక్కువగా ఉన్నది ఏమీ చేయలేదన్న వాదన మాత్రమే దానితో పడిపోతుంది. ఈ మాటే ఆయనతో చెప్పాను. ఆ ఒప్పుకోలు తర్వాతే సంభాషణ నిజంగా మొదలైంది.

1859లో జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త ఒక గొట్టంలో ఒక్కొక్క వాయువునూ నింపి, ఒక చివర వేడి వస్తువు పెట్టి, రెండో చివరకు ఎంత వేడి చేరుతోందో కొలిచాడని చెప్పాను. గాలిలో దాదాపు మొత్తంగా ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ వేడి కిరణాలను ఆపవు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఆపుతాయి. ఇవాళ కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే చాలా పరికరాలు పనిచేసేది కూడా ఈ గుణంతోనే. పరారుణ కిరణాన్ని పంపి, ఎంత ఆగిపోయిందో చూస్తాయి. భూమి నుంచి పైకి పోయే వేడి విషయంలోనూ జరిగేది అదే. ఆయన ఈసారి అడ్డుచెప్పలేదు, అవునని కూడా అనలేదు.

తర్వాత ఆయన అడిగింది, ఆ వాయువు మనం కాల్చిన దాంట్లోంచే వచ్చిందని ఎట్లా తెలుస్తుందని. నేను జవాబు చెప్పకుండా, బాయిలో సీల్ చేసిన ప్యానెల్ (బొగ్గు తవ్విన భాగం) లోపల మంట ఉందో లేదో మనిషి పోకుండా ఎలా తెలుసుకుంటారని తిరిగి అడిగాను. స్టాపింగ్‌లోని (అడ్డంగా కట్టిన గోడలోని) పైపు ద్వారా గాలి నమూనా తీస్తారు. ఆక్సిజన్ ఎంత తగ్గింది, దానికి కార్బన్ మోనాక్సైడ్ ఎంత పెరిగింది అని రెండింటినీ పోల్చి చూస్తారు. "రెండు కలిసి కదిలితే లోపల కాలుతున్నట్టే" అన్నారు. అప్పుడు చెప్పాను: ప్రపంచ వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంటే ఆక్సిజన్ కూడా ఇంత అని కొలవగలిగినంత తగ్గుతోంది. కోట్ల ఏళ్ల నాటి బొగ్గులో కార్బన్-14 (కాలంతో తరిగిపోయే రకం కార్బన్) మిగలదు, కార్బన్-13 (కొంచెం బరువైన రకం) పాలు కూడా తక్కువ. గాలిలోని కార్బన్‌లోనూ ఆ రెండింటి పాలు ఆ బొగ్గు, చమురు కలిసినట్టే పలుచబడుతూ వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో ఆ గాలే చెబుతోంది.

ఆయన చాలాసేపు ల్యాంపును చేతుల్లో తిప్పుతూ కూర్చున్నారు. మరి సూర్యుడే ఎక్కువ మండుతుండొచ్చు కదా అన్నారు. సూర్యుడే కారణమైతే వాతావరణం పై పొరలు కూడా వేడెక్కాలి. కానీ కింద వేడెక్కుతుంటే పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. వేడి కింద పట్టుబడితే అలా జరుగుతుంది. దీనికి ఆయన తల ఊపారు.

రాజకీయం సంగతి ఆయనే ఎత్తారు. ఇక్కడ ఆయన చెప్పినదాంట్లో చాలా భాగం సరైనదని నేను నమ్ముతున్నాను, ఆ మాటే చెప్పాను. ఆ ఏడాది వాన ఎంత కురిసినా, చెక్‌డ్యాం పక్క కరకట్ట నాసిగా కట్టడం, వాగును ఆక్రమించడం మనుషులు చేసిన తప్పులే. వాతావరణాన్ని అడ్డుపెట్టుకుని వాటి నుంచి తప్పించుకోనివ్వకూడదు. పైగా ఒక్క వరదను చూపించి ఇది పూర్తిగా వాతావరణ మార్పు పనే అని ఎవరూ అనలేరు. ఒక్కో డిగ్రీ వేడికి గాలి దాదాపు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదని, 1950 నుంచి 2015 దాకా మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు దాటే వానలు సుమారు 75 శాతం పెరిగాయని మన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో చెప్పిందని మాత్రమే అనగలం. రైతు వేదికలో నేను ఇంత జాగ్రత్తగా మాట్లాడలేదు.

బొగ్గు విషయంలోనూ అంతే. ఇప్పటిదాకా ప్రపంచం బొగ్గు, చమురు కాల్చి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో నాలుగో వంతు ఒక్క అమెరికాదే, భారతదేశానిది నాలుగు శాతం లోపు. మన తలసరి ఉద్గారం ప్రపంచ సగటులో సగం కూడా లేదు. మన కరెంటులో నాలుగింట దాదాపు మూడు వంతులు ఇంకా బొగ్గు నుంచే వస్తోంది, మన దేశం 2021లో గ్లాస్గోలో పెట్టుకున్న నెట్ జీరో (వదిలినంత ఉద్గారాన్నీ తిరిగి తొలగించే స్థితి) గడువు 2070. బాయిలు మూతపడేనాటికి ఆ కుటుంబాలకు ఏం మిగులుతుందన్న ప్రశ్నను ఎవరూ సరిగ్గా పట్టించుకోవడం లేదన్న ఆయన బాధ న్యాయమైనది. బొగ్గు కాలిస్తే భూమి వేడెక్కుతుందన్న మాట ఆయన చెవికి "నీ బతుకంతా తప్పు పనే చేసినవ్" అని వినబడుతోందని నాకు ఆ రోజే తెలిసింది. దేశానికి దీపం వెలిగించిన పని అది. ఆ గౌరవాన్ని ముట్టుకోకుండానే వాయువు గుణం గురించి మాట్లాడుకోవచ్చు.

ఫలితం

ఆయన నాతో ఏకీభవించానని ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. ఓటు మారలేదు, మారాలని నేను కోరుకోలేదు. మేము మూడు ప్రశ్నలు విడివిడిగా పెట్టుకున్నాం: వానలు, ఎండలు మారుతున్నాయా, ఎందుకు మారుతున్నాయి, ఎవరు ఏం చేయాలి. మొదటిదాంట్లో తేడా లేదు. రెండోదాంట్లో ఆయన "కావచ్చు" దాకా వచ్చారు. మూడోదాంట్లో ఇప్పటికీ వాదించుకుంటున్నాం.

2025 వేసవిలో ఆయన పెరట్లో ఒక వర్షమాపకం పెట్టాం. ఎవరి ఇంట్లో పెట్టాలన్నది తేలిక నిర్ణయం కాదు. కార్యదర్శి ఇల్లు బృందానికి దగ్గర, అతనికి ఫోన్‌లో లెక్కలు పెట్టడం తెలుసు. అయినా నేను పెద్దాయన పేరే చెప్పాను. పై నుంచి ఒత్తిడి వచ్చినా రీడింగు మార్చని మనిషన్న పేరు బృందంలో ఆయనకే ఉంది. కార్యదర్శి మొదట నొచ్చుకున్నాడు. అతనితో కూడా విడిగా కూర్చుని మాట్లాడవలసి వచ్చింది, రైతు వేదికలో అన్న మాటకు అతను పెద్దాయన ఇంటికి పోయి మన్నించమన్నాడు. ఆ సీజన్‌లో 64 మిల్లీమీటర్లు నిండాయని ఆయన ప్రకటించాకే బృందంలో చాలామంది పత్తి విత్తారు. దూరమైన పదకొండు కుటుంబాల్లో తొమ్మిది తిరిగి వచ్చాయి. రెండు రాలేదు, ఆ నష్టం నా ఖాతాలోనే ఉంది.

ఆ తర్వాత నా పనిలో కొన్ని మార్చుకున్నాను. పెద్దవాళ్లతో భేదాభిప్రాయం ఉంటే సమావేశానికి ముందే ఇంటికి వెళ్లి మాట్లాడుతున్నాను. ఎదుటి మనిషి జీవితంలో దేన్ని కొలిచాడో, ఏ కొలతను ప్రాణం మీదికి వచ్చినా నమ్మాడో ముందు అడుగుతున్నాను. నేత కార్మికుడైనా, ఆర్టీసీ డ్రైవరైనా అలాంటిది ఒకటి ఉంటుంది. అందరితోనూ ఇది పనిచేస్తుందని నేను చెప్పడం లేదు. ఈయన ఒక ల్యాంపును నమ్మి సొంత యూనియన్ మాట కాదన్న మనిషి. ఆ అనుభవం లేనివారితో దారి వేరుగా ఉండవచ్చు.

ఆయన వర్షమాపకం పుస్తకం బాయిలో రాసే రిపోర్టు పుస్తకంలాగే ఉంటుంది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు తేదీ, మిల్లీమీటర్లు, రిమార్కులు, కింద పూర్తి సంతకం. వాన లేని రోజు కూడా సున్నా వేసి సంతకం పెడతారు. మొన్న వెళ్లినప్పుడు ఒక పేజీ తెరిచి రిమార్కుల గడి చూపించారు: "42 మి.మీ. చెక్‌డ్యాం కుడి పక్క మట్టి జారింది. సంబంధిత అధికారికి చెప్పినాము, రాలేదు." ఈ పేజీని నా నివేదికతో కలిపి పంపమని అడిగారు. అదే రోజు నకలు తీసి పంపాను.